గదిలో కంప్యూటర్, పడసాలలో టీవీ: మధ్యన ఉన్న తీగ కథ

ఈరోజు ఎపిసోడ్ కోసం నా ముందర మూడు వస్తువులు పెట్టుకున్నాను. ఒకటి వీహెచ్ఎస్ క్యాసెట్. రెండోది పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న ఏవీ తీగ. మూడోది ఇదిగో, (చేతిలో పట్టుకుని చూపిస్తూ) టీవీ వెనకాల గుచ్చే ఈ చిన్న డాంగిల్. క్యాసెట్‌లో ఉన్నది మా అక్క పెళ్ళి, 1996లో జరిగింది. ఆ పెళ్ళి ఈ మూడు వస్తువులూ దాటుకుని మా అమ్మ టీవీలోకి ఎట్లా వచ్చిందో చెబుతాను. ఇంట్లో ఉన్న కంప్యూటర్ నుంచి ఇంట్లో ఉన్న టీవీకి బొమ్మ పంపడం అనే పనికి కూడా ఒక చరిత్ర ఉంది. దాన్ని మా ఊరి నుంచి చూస్తే ఒక తీరుగా కనిపిస్తుంది, అమెరికా నుంచి చూస్తే ఇంకో తీరుగా కనిపిస్తుంది. నాకు తెలిసింది మా ఊరు.

మాది కణేకల్. అనంతపురం జిల్లాలో రాయదుర్గం పక్కన. 1953 దాకా రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. బళ్ళారి మైసూరుకు పోయినప్పుడు మా తాలూకా అనంతపురంలో కలిసింది. అందుకే మా ఊళ్ళో సగం మాటలు కన్నడం, పెళ్ళి సంబంధాలు అటు వైపు. వాన తక్కువ సీమ. ఒక పక్క హగరి ఏరు, దాని ఒడ్డున ఎడారి మాదిరి ఇసక దిబ్బలు. ఇంకో పక్క తుంగభద్ర ఎగువ కాలువ, దాని నీళ్ళతో నిండే పెద్ద చెరువు, కింద వరి మళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ఒకే ఊళ్ళో ఎడారీ వరీ చూసి బిత్తరపోతారు. చెరువు మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మన పల్లెలకు టీవీ మొదట వచ్చింది ఆకాశం నుంచే. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఒక ఏడాది పాటు ఇస్రో, నాసా కలిసి సైట్ అనే ప్రయోగం చేసినాయి. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు నేరుగా బొమ్మ వచ్చింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది, కర్ణాటక ఉంది. కోళ్ళ గూటికి వేసే జల్లెడ తీగతో చేసిన గొడుగు లాంటి యాంటెన్నా, పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో ఒక టీవీ, ముందర ఊరంతా. టీవీ ఒక ఇంటిది కాదు, ఊరిది. హైదరాబాద్ దూరదర్శన్ ఆ తర్వాతే, 1977 అక్టోబర్ 23న మొదలైంది.

నాకు జ్ఞాపకమున్న టీవీ మాత్రం 80ల నాటిది. పండక్కో, ఎవరింట్లోనైనా పెళ్ళి జరిగితేనో బళ్ళారి నుంచి కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చేవాళ్ళు. "రాత్రికి వీడియో ఏస్తారంట" అంటే చాలు, చాపలు చంకలో పెట్టుకుని పోయేవాళ్ళం. ఒక రాత్రికి మూడు క్యాసెట్లు. రెండో సినిమా సగంలో కరెంటు పోతే ఎవరూ లేచి పోయేవాళ్ళు కాదు, చీకట్లోనే కథ ఏమై ఉంటుందో వాదులాడుకునేవాళ్ళు. ఆ వాదులాటలు సినిమా కన్నా బాగుండేవని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పుడు మాత్రం కరెంటోళ్ళను తిట్టుకునేవాళ్ళమే.

తర్వాత కేబుల్. ఒకాయన గదిలో డిష్షు రిసీవర్లు, పక్కన ఒక వీడియో ప్లేయర్. అక్కడి నుంచి నల్ల తీగ స్తంభాల మీదుగా ఇంటింటికీ. రాత్రి తొమ్మిదికి ఆ ప్లేయర్‌లో ఆయన ఏ సినిమా వేస్తే ఊరంతటికీ అదే సినిమా. కొన్నేళ్ళకు క్యాసెట్లు పోయి వీసీడీలు వచ్చినాయి, ఆ తర్వాత ఒక కంప్యూటర్ వచ్చింది. ఆలోచిస్తే మన పల్లెల్లో కంప్యూటర్ నుంచి టీవీకి సినిమా పంపిన మొదటివాడు కేబుల్ ఆపరేటరే. కొత్త సినిమాలు అట్లా వెయ్యడం కాపీరైట్ చట్టానికి విరుద్ధం, దాన్ని నేను సమర్థించను. కానీ ఏర్పాటు చూడండి: ఒక చోట నిల్వ, ఒక తీగ, చివర చాలా టీవీలు. ఎగువ కాలువకు చివరి ఆయకట్టు ఎట్లానో, ఆ తీగకు చివరి వీధి అట్లా. మా ఇల్లు చివరి వీధిలో ఉండేది. మధ్యలో ఎన్ని యాంప్లిఫయర్లు పెట్టినా మాకు వచ్చేసరికి బొమ్మ మీద చీమలు పాకేవి.

ఇప్పుడు కొంచెం లెక్క. మన పాత టీవీ బొమ్మను ఉన్నది ఉన్నట్టు అంకెల్లోకి మారిస్తే అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు, సెకనుకు 25 బొమ్మలు. చుక్కకు రెండు బైట్లు వేసుకున్నా సెకనుకు 20 మెగాబైట్ల పైనే. అంటే 700 మెగాబైట్ల సీడీలో 34 సెకన్ల సినిమా పడుతుంది. టైటిల్స్ కూడా పూర్తి కావు. మరి వీసీడీ మీద 74 నిమిషాలు ఎట్లా పట్టింది? కుదించడం వల్ల. చుక్కల సంఖ్య తగ్గించినారు, ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మారని భాగాన్ని మళ్ళీ రాయకుండా వదిలేసినారు, మిగిలిన దాన్ని ఒక గణితంతో పిండినారు.

ఆ గణితం పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. 1974 జనవరిలో అచ్చయిన చిన్న వ్యాసం. రాసినవాళ్ళు ముగ్గురు: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. అహ్మద్ బెంగళూరులో పుట్టి అక్కడే ఇంజినీరింగ్ చదివి అమెరికా పోయినాయన. రావు అంటే కామిశెట్టి రామమోహన రావు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి, టెక్సస్‌లో ప్రొఫెసర్‌గా చాలా ఏళ్ళు పాఠాలు చెప్పినారు, 2021లో పోయినారు. ఈ ఆలోచన మీద పని చెయ్యడానికి డబ్బు కావాలని అహ్మద్ 1972లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగితే వాళ్ళు ఇవ్వలేదు. మరీ తేలికగా ఉందని పరిశీలకుల్లో ఒకరు అన్నారని ఆయనే తర్వాత రాసుకున్నారు. ఆ తేలిక లెక్కే జేపెగ్ ఫోటోలో ఉంది, వీసీడీలో ఉంది, ఇప్పుడు మీరు చూస్తున్న ఈ వీడియోలో కూడా దాని సంతతే ఉంది. మన సినిమా చరిత్రలు రాసేవాళ్ళు కెమెరామన్ల పేర్లు, స్టూడియోల పేర్లు రాస్తారు. రామమోహన రావు గారి పేరు నేను ఎక్కడా చూడలేదు. ఉండాల్సిన పేరు.

సరే, మా ఇంటికి వస్తాను. మా నాయన 1999లో పోయినాడు. ఫోటోలు ఉన్నాయి. గొంతు మాత్రం ఒక్క చోటే ఉంది, ఈ క్యాసెట్‌లో. పెళ్ళి భోజనాల దగ్గర చేతిలో నెయ్యి గిన్నెతో వరసలో నడుస్తా "నిదానంగా తినండప్పా, ఇంకా లడ్డు వస్తా ఉంది" అంటాడు. మొత్తం 40 సెకన్లు. వెనకాల నాదస్వరం, మధ్యలో పిల్లల గోల. వీడియో తీసినాయన పెళ్ళికూతురు ముఖం చుట్టూ పూలు తిప్పడానికి పెట్టిన శ్రద్ధలో పావు వంతు ఇక్కడ పెట్టింటే బాగుండేది అనుకుంటాను. కానీ ఆ 40 సెకన్లయినా దొరికినాయి కదా.

2004లో అనంతపురంలో విడిభాగాలు కొనుక్కుని కంప్యూటర్ బిగించుకున్నాను. దాంట్లో టీవీ ట్యూనర్ కార్డు వేసుకుని, అడిగి తెచ్చుకున్న వీసీఆర్ తగిలించి క్యాసెట్‌ను లోపలికి ఎక్కించినాను. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు కూర్చోవాల్సిందే, తొందరపెట్టడానికి లేదు. ఎక్కించినాక అమ్మను పిలిచినాను. మిద్దె మీది గది, చిన్న మానిటర్, ఒక కుర్చీ. అమ్మ మెట్లెక్కి వచ్చి, నిలబడే కొంచెం చూసి, "ఈడ కూచోలేను నాయనా, కింద టీవీలో ఎయ్యి" అనింది.

ఈ మొత్తం చరిత్రకు మూలమైన మాట అదే అని నా ఉద్దేశం. ఫైలు ఉండే చోటు ఒకటి, మనుషులు కూర్చునే చోటు ఇంకొకటి. మొదట్లో ఈ రెండూ వేరు కాదు. 1982 నాటి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ లాంటి ఇంటి కంప్యూటర్లకు తెరే లేదు, ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవాలి. తర్వాత మానిటర్ వచ్చి కంప్యూటర్‌ను గదిలోకి, మూలకు తీసుకుపోయింది. టీవీ పడసాలలోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళు ఇంజనీర్లు చేసిన పని ఆ విడిపోయినవాళ్ళను మళ్ళీ కలపడమే.

నా మొదటి ప్రయత్నం ఈ పసుపు పిన్ను తీగ. గ్రాఫిక్స్ కార్డుకు టీవీ-అవుట్ ఉండేది. కిటికీలోంచి తీగ దింపి కింద టీవీకి తగిలిస్తే అక్క పెళ్ళి బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చింది! ఎర్ర పట్టుచీర బూడిద రంగులో. రెండు రోజులు తీగ పాడయిందనుకున్నాను. చూస్తే కార్డు అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో పంపుతా ఉంది, మన టీవీ పాల్ పద్ధతిది. నలుపు తెలుపుల భాగం రెండింటికీ అర్థమవుతుంది, రంగు కలిపే లెక్క వేరు. సెట్టింగ్ మార్చగానే చీర ఎర్రబడింది. అయితే ఆపాలన్నా, వెనక్కి తిప్పాలన్నా నేను మిద్దె ఎక్కాలి. అమ్మ కింద నుంచి "మళ్ళీ ఎయ్యి" అంటుంది, నేను పైన మౌస్ పట్టుకుంటాను. ఒక రోజు పదకొండు సార్లు ఎక్కి దిగినాను, లెక్కపెట్టినాను.

ఇదే కాలంలో ప్రపంచంలో ఏం జరుగుతుందో చెప్పాలి. 1996లో, అంటే మా అక్క పెళ్ళి ఏడాదే, పారిస్ దగ్గర ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు ఒక పని మొదలుపెట్టినారు. హాస్టల్‌లో గది గదికీ డిష్షు పెట్టడం కన్నా ఒకే డిష్షుతో పట్టి, ఆ బొమ్మను కాలేజీ కంప్యూటర్ నెట్‌వర్క్ మీద అన్ని గదులకూ పంపితే చౌక కదా అని. అచ్చం మా కేబుల్ ఆయన ఆలోచన. పంపేవైపు ఒక ప్రోగ్రాం, చూసేవైపు ఒక ప్రోగ్రాం రాసినారు. చూసేవైపుది వీడియోలాన్ క్లయింట్. 2001లో దాన్ని ఉచిత సాఫ్ట్‌వేర్‌గా అందరికీ విడుదల చేసినారు. అదే మీ కంప్యూటర్‌లో నారింజ రంగు ట్రాఫిక్ శంకువు గుర్తుతో ఉండే వీఎల్‌సీ. సినిమా చూడ్డానికి వాడతాం గానీ, పుట్టింది పంపడానికి.

2002లో కొందరు కుర్రవాళ్ళు ఎక్స్‌బాక్స్ ఆటల డబ్బాను సినిమా డబ్బాగా మార్చే ప్రోగ్రాం మొదలుపెట్టినారు. ఎక్స్‌బీఎంసీ అని పేరు పడి, 2014లో కోడిగా మారింది. (నవ్వుతూ) మన కోడి కాదు. 2003లో సోనీ, ఇంటెల్ లాంటి కంపెనీలు కలిసి, తర్వాత డీఎల్ఎన్ఏ అని పేరొచ్చిన సంఘాన్ని పెట్టినాయి. ఏ కంపెనీ టీవీ అయినా ఏ కంపెనీ కంప్యూటర్‌లోని ఫైలునైనా చూడగలగాలి అనేది వాళ్ళ మాట. ఎట్లా పనిచేస్తుందంటే, టీవీ ఆన్ కాగానే ఇంటి నెట్‌వర్క్‌లో దండోరా వేస్తుంది: "ఇక్కడ బొమ్మలు ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" కంప్యూటర్‌లోని సర్వర్ ప్రోగ్రాం "నేనున్నాను, నా దగ్గర ఈ పెట్టెలు ఉన్నాయి" అని జాబితా ఇస్తుంది. రిమోట్‌తో ఎంచుకుంటే కంప్యూటర్ ఫైలును ముక్కలు ముక్కలుగా పంపుతుంది. టీవీ వచ్చిన ముక్కలను కొంచెం నిల్వ చేసుకుని చూపిస్తుంది. ఆ నిల్వనే బఫర్ అంటారు.

బఫర్ అంటే ఏందని మా ఊళ్ళో ఒక పిల్లవాడు అడిగితే చెరువు చూపించినాను. కాలువలో నీళ్ళు ఒక రోజు నిండుగా, ఒక రోజు సన్నగా వస్తాయి. అవి చెరువులో నిలుస్తాయి. తూము తీస్తే మడికి మాత్రం ఒకే తీరుగా పారుతాయి. చెరువు అడుగంటితే మడి ఎండినట్టు, బఫర్ ఖాళీ అయితే తెర మీద చక్రం తిరుగుతుంది. వాడికి వెంటనే అర్థమైంది. నాకు ఇంగ్లీషు పుస్తకంలో అర్థం కావడానికి వారం పట్టింది.

2011లో నెట్‌వర్క్ తగిలే ఎల్‌సీడీ టీవీ కొన్నాను. మొదట వైఫైతో ప్రయత్నం. మా పాత మిద్దెకు రాతి గోడలు, మూరెడు మందం. వేసవిలో చల్లగా ఉంటుంది గానీ వైఫై దాటదు. మళ్ళీ అదే కిటికీలోంచి ఈసారి లాన్ తీగ దింపినాను. అయినా అందరూ చెప్పినంత సులువు కాలేదు. డీఎల్ఎన్ఏ నియమం ప్రకారం ప్రతి పరికరమూ తప్పకుండా చదవాల్సిన వీడియో రకం ఎంపెగ్-2. మనవాళ్ళ కంప్యూటర్లలో ఉన్నవన్నీ డివ్ఎక్స్, ఎంకేవీ. ఒకటి తెరుచుకునేది, పదొకటి మొండికేసేవి. సర్వర్ ప్రోగ్రామే అప్పటికప్పుడు మార్చి పంపాలి, అప్పుడు కంప్యూటర్ ఫ్యాను పిండిమర మాదిరి అరిచేది. ఇంకొకటి, ఫైలుకు "అక్క పెళ్ళి" అని తెలుగులో పేరు పెట్టుకున్నాను. టీవీలో వరసగా ఖాళీ డబ్బాలు కనిపించినాయి. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా టీవీ తయారుచేసినవాళ్ళు ఒక తెలుగు ఫాంటు లోపల పెట్టలేదు. చివరికి అమ్మకు తెలియని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు మార్చాల్సి వచ్చింది. అమ్మ దాన్ని "పైనుంచి రెండోది" అని గుర్తు పెట్టుకునింది.

కానీ అప్పటి నుంచి నేను మిద్దె ఎక్కాల్సిన పని లేకపోయింది. సాయంత్రం ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు పడసాలలో చేరితే అమ్మే రిమోట్‌తో పెళ్ళి వేసేది. ఆ పెళ్ళిలో భోంచేసినవాళ్ళలో పోయినవాళ్ళు చాలామంది. "అదో, మా అత్త" అని ఒకామె, "ఆపు, ఆపు, మా ఆయన" అని ఇంకొకామె. వాళ్ళిళ్ళలో కూడా క్యాసెట్లు ఉన్నాయని అప్పుడు తెలిసింది. తొమ్మిది పెళ్ళిళ్ళు, ఒక గుడి తేరు, ఒక బడి వార్షికోత్సవం ఎక్కించి పెట్టినాను. రెండు క్యాసెట్లకు బూజు పట్టి ఏమీ రాలేదు. ఆ రెండు ఇళ్ళవాళ్ళకు చెప్పడం కష్టమయింది.

ఆ తర్వాత కథ వేగంగా మారిపోయింది. 2013లో క్రోమ్‌కాస్ట్ వచ్చింది, 35 డాలర్లు. దీని తెలివి ఏందంటే, ఫోన్‌లో మీరు యూట్యూబ్ పాట ఎంచుకుంటే ఫోను పాటను పంపదు, చిరునామా మాత్రమే చెబుతుంది. డాంగిల్ నేరుగా ఇంటర్నెట్‌లోంచి తెచ్చుకుంటుంది. ఇంటి కంప్యూటర్ మధ్యలోంచి తప్పుకుంది. 2016 సెప్టెంబర్‌లో జియో, 2017 డిసెంబర్ 27న ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి ప్రారంభించడం. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగి, అప్పట్లో నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే తీగలో. ఆ పెట్టెలో వచ్చే టీవీ కూడా నెట్‌వర్క్ మీద వచ్చే ముక్కలే. అదే 2017లో డీఎల్ఎన్ఏ సంఘం మూతపడింది. పని అయిపోయిందని వాళ్ళు చెప్పుకున్నారు.

నాకు కోపం లేదు. చివరి వీధి ఇంటికి కూడా చీమలు లేని బొమ్మ వస్తోంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. నేను అనేది ఒక్కటే. కేబుల్ ఆయన గదిలో ఊరి తేరు పండగ వీడియో కూడా ఉండేది, అడిగితే వేసేవాడు. ఇప్పుడొచ్చే పెద్ద సర్వర్లలో లక్షల సినిమాలు ఉన్నాయి, మా నాయన లేడు. ఆయన ఉండాలంటే ఇంట్లో ఒక పెట్టె ఉండాలి, దాన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి.

చూసుకోలేదు కూడా. 2019లో కొత్త స్మార్ట్ టీవీ పెట్టినాము. అమ్మ అలవాటుగా "పైనుంచి రెండోది" నొక్కింది. ఈ ఫైలు ఆడదు అని వచ్చింది. పాత రకం వీడియో, కొత్త టీవీ దాన్ని చదవడం మానేసింది. సరే మార్చుదామని మిద్దె ఎక్కి కంప్యూటర్ వేస్తే హార్డ్ డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. ఆ చప్పుడు తెలిసినవాళ్ళకు తెలుసు, గుండె జారిపోతుంది. రెండో కాపీ లేదు. పదిహేనేళ్ళు, ఒక్క కాపీ! ఇంతమందికి పాఠాలు చెప్పేవాణ్ణి, సిగ్గుగా ఉంది చెప్పడానికి.

ఆ రాత్రి డిస్కును ఆపుతా, చల్లారనిస్తా, మళ్ళీ వేస్తా, పెద్ద ఫైళ్ళన్నీ వదిలేసి పెళ్ళి ఒక్కటే ముందు లాగినాను. ఒకచోట రెండు నిమిషాలు పోయినాయి, అప్పగింతల దగ్గర. మా అక్క "ఏడ్చింది పోయింది, మేలే" అనింది. తొమ్మిది పెళ్ళిళ్ళలో ఆరు దక్కినాయి. తేరు దక్కలేదు. మిగిలినవాటిని హెచ్.264లోకి మార్చి మూడు చోట్ల పెట్టినాను: మా ఇంట్లో రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు తగిలించిన డిస్కులో, బళ్ళారిలో అక్క ఇంట్లో, నా దగ్గర. డాంగిల్‌లో కోడి వేసుకుంటే పాత టీవీకైనా కొత్త టీవీకైనా ఒకటే. ఈసారి తెలుగు పేర్లు కూడా తెలుగులోనే కనిపిస్తున్నాయి.

కొత్త ఏర్పాటు అయిన రోజు అమ్మ రిమోట్ తీసుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటా "అక్క పెళ్ళి" అని చదివి నొక్కింది. భోజనాల దగ్గరికి వచ్చేసరికి "కొంచెం శబ్దం పెంచు" అనింది.

ఇంతే ఈరోజుకి. వచ్చే ఎపిసోడ్‌లో క్యాసెట్‌కు పట్టిన బూజును ఎట్లా తుడవాలో, ఏ దశ దాటితే ముట్టుకోకూడదో చూపిస్తాను. మీ ఇంట్లో క్యాసెట్లు ఉంటే అప్పటిదాకా ఎండలో మాత్రం పెట్టకండి.